వంతెన మీదికెళ్లి పోయిన బస్సు

మా ఊరి మీద వంతెన కట్టాక బస్సు ఎక్కేముందు అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. ఇదివరకు బస్సు ఎక్కడికి పోతుందని అడిగేవాళ్లం. ఇప్పుడు ముందు మెట్టు మీద కాలు పెట్టి, "కిందికెళ్లి పోతదా, మీదికెళ్లి పోతదా?" అని అడగాలి. బెంగళూరు రోడ్డు మీద పోయే బస్సు వంతెన ఎక్కిందంటే శంషాబాద్ అనే ఊరు దానికి లేనట్టే. నగరం నుంచి వస్తూ అడగడం మరిచినవాళ్లు ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర దిగి, సంచులు మోసుకుంటూ ఎండలో వెనక్కి నడిచి రావడం చాలాసార్లు చూశాను.

నాకు ఈ అడగడం కొత్త. ఉద్యోగం చేసిన రోజుల్లో నేను రైలు మనిషిని. మొదట ప్యాసింజరు, ఆ తర్వాత లోకల్ రైలు. స్టేషను ఊరికి దూరమే అయినా రైలుతో ఒక సుఖం ఉంది. దానితో మాటలుండవు. ప్లాట్‌ఫారం ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది, మనం ఎక్కుతాం, పేపరు విప్పుకుంటాం. పక్కవాడి పేరు కూడా తెలియకుండా ఏళ్ల తరబడి ప్రయాణం చేయొచ్చు. నేను చేశాను. రిటైరయ్యాక మోకాళ్లు స్టేషను మెట్లకు ఒప్పుకోకపోవడంతో బస్సుకు మారాను. మారింది బండి ఒక్కటే. నా అలవాటు మారలేదు. స్టాపులో ఒక మూల నిలబడి, బస్సు రాగానే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని పేపరు తెరిచేవాణ్ని.

ఆ బస్సు పై ఊళ్ల నుంచి వచ్చి, పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో వంతెన కింద ఆగి, సాతంరాయి మీదుగా నగరానికి పోతుంది. ఎక్కేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. టికెట్ మిషన్ నుంచి వాళ్ల సున్నా టికెట్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. నాలాంటి మగవాళ్లు నలుగురైదుగురం డబ్బులిచ్చి కొనుక్కుంటాం. కండక్టర్ ముప్పై అయిదేళ్లుండే ఆవిడ. చీర మీద ఖాకీ చొక్కా, జడను చుట్టి పెట్టిన ముడి. గొంతు పెంచకుండానే బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి మాట వినిపించగలదు. అప్పటికి ఆమె గురించి నాకు తెలిసింది అంతే.

ఒక మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. శుక్లం తీయించుకున్న కన్ను చూపించుకునే రోజు. ఎనిమిదికి ముందే స్టాపుకు వెళ్లాను. స్టాపులో ఒక్క మనిషి లేడు. రోజూ పదిహేనుమందికి తక్కువ కాకుండా ఉండే చోట ఖాళీ సిమెంటు బల్ల, దాని కింద ఒక కుక్క. కొంత వింతగా అనిపించిన మాట నిజం. అది ఎందుకని ఆలోచించేలోపే తల మీద బస్సు చప్పుడు వినిపించింది. రోడ్డు అంచుకు వచ్చి పైకి చూస్తే, మా బస్సే. వంతెన మీదుగా పోతోంది. దాని వెనక అద్దం మీద ఉన్న గీత కూడా గుర్తుపట్టాను.

నాకు చాలా కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని వాక్యాలుగా మార్చడమే ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగం. ఆ సిమెంటు బల్ల మీదే కూర్చుని, ఫిర్యాదులకు ఇచ్చిన నంబరుకు ఫోన్లోనే రాసి పంపాను. బస్సు నంబరు, సమయం, ఎటు నుంచి ఎటు, ఎక్కడ ఆగాలి, ఎలా పోయింది, అన్నీ వరసగా రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను. "స్టాపులో నేను తప్ప మరొక్క ప్రయాణికుడు కూడా లేకపోవడం, ప్రజలు ఈ బస్సు మీద నమ్మకం వదులుకున్నారనడానికి నిదర్శనం." ఆ వాక్యం రాసినందుకు నాకు సంతోషంగా కూడా అనిపించింది. పత్రిక డెస్కులో ఉన్నప్పుడు కొత్త రిపోర్టర్లు ఇలాంటి వాక్యం తెస్తే, "అవతలివాళ్లను అడిగావా?" అని వెనక్కి పంపేవాణ్ని. ఆ రోజు నన్ను వెనక్కి పంపేవాళ్లు లేరు.

శనివారం డిపో నుంచి ఫోను వచ్చింది. "మీ ఫిర్యాదు మీద కండక్టర్‌కు మెమో ఇచ్చాం సార్" అన్నారు. థాంక్స్ చెప్పాను. మధ్యాహ్నం అన్నం తింటూ ఇంట్లో ఈ సంగతి చెప్పాను కూడా.

సోమవారం బస్సెక్కితే ఎవరూ జరగలేదు. రోజూ నేను ఎక్కగానే కిటికీ పక్క సీటు వదిలే ఆవిడ సంచిని అక్కడే ఉంచుకుని బయటికి చూస్తోంది. కండక్టర్ వచ్చి టికెట్ చేతిలో పెట్టి, ముందుకు వెళ్లిపోయింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ ఉంది. పాతబస్తీలో సర్కారు దవాఖానలో ఆయా. బస్సులో అందరూ ఆమెను ఖాలా అంటారు, ఉర్దూలో పిన్ని అని. ఆమె బురఖా ముసుగు వెనక్కి తీసి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"సాబ్, గా కాయితం రాసింది మీరేనా?"

"ఏ కాయితం అమ్మా?"

"అబ్బో! ఏ కాయితమట. నంబర్ రాసిండ్రు, టైం రాసిండ్రు, మనిషి లేడని గూడ రాసిండ్రు. గంత కథ రాసెటోళ్లు ఈ ఊర్ల ఇంకెవరున్నరు?"

"బస్సు ఆగలేదు కదమ్మా. స్టాపులో నేనొక్కణ్ణే నిలబడ్డాను."

"ఒక్కరే ఎందుకున్నరు? గది అడిగిండ్రా మిమ్మల్ని మీరు? రోజూ గంతమంది ఉండే కాడ ఒక్కరే ఉంటే, మిగిలినోళ్లంత సచ్చిపోయిండ్రనుకున్నరా?"

వెనక సీటు నుంచి పూలబుట్ట ఒళ్లో పెట్టుకున్న ఆవిడ అందుకుంది. "ఆయన పైసలు పెట్టి టికెట్ కొంటడు ఖాలా. మనకంటే సున్నా టికెట్. బస్సంత ఆయన పేరు మీదనే ఉన్నదనుకున్నడు."

బస్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. అంతకంటే ముందు ఒక చిన్న భయం వేసింది. వార్త అచ్చయిపోయాక అందులో తప్పుందని ఎవరో ఫోను చేసినప్పుడు వేసే భయం అది.

మిగతాది ఖాలా చెప్పింది. సగం తిట్లు, సగం సంగతి. ఈ బస్సు వంతెనకు ఇవతల ముందు స్టాపు చేరేసరికి, కింది రోడ్డు ఎలా ఉందో ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు చెయ్యి చూపించి చెబుతారు. అప్పుడు కండక్టర్ రోజూ ఎక్కేవాళ్లకు మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒకటంటే కిందికెళ్లి వస్తున్నాం, స్టాపులో ఉండండని. రెండంటే దారి మూశారు, మీదికెళ్లి పోతాం, సాతంరాయి వైపు వంతెన దిగేచోటికి నడవండని. అందరికీ ఆమె చేయదు. ఇద్దరికి చేస్తే వాళ్లు తలా ఇద్దరికి చేస్తారు. బస్సు వంతెన ఎక్కేలోపు ఊరి జనం అటు చివరికి చేరుకుంటారు. డ్రైవరు అక్కడ పక్కకు ఆపుతాడు.

"ఫోన్ ఎత్తొద్దు, గంతే" అంది పూలావిడ. "ఎత్తితే ఆమెకు పైసలు కటయితయ్, మనకు తిట్లు పడతయ్."

ఆ మంగళవారం వంతెన మొదట్లో, కింది రోడ్డు మీద ఇటుకల ట్రాలీ ఒకటి బోల్తా పడింది. ట్రాఫిక్ పోలీసు అన్ని బండ్లనూ మీదికి పంపాడు. రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. అందరూ అటు చివరికి ఉరికారు. నేను అవతలి గల్లీలోంచి వచ్చాను కాబట్టి ట్రాలీ నాకు కనిపించలేదు.

"మీ నంబర్ ఎవ్వరి కాడ లేదు సాబ్" అంది ఖాలా, ఈసారి కొంచెం మెల్లగా. "మీరు పేపర్ల తలకాయ పెడ్తరు. ఎవ్వరితోని మాట్లాడరు. మీకెట్ల చెప్పాలె?"

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. కండక్టర్ భర్త ఆ డిపోలోనే డ్రైవరు. గుండెపోటుతో పోయాడు. ఆ ఉద్యోగానికి బదులు ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. కానీ మొదటి మూడేళ్లు పర్మినెంటు కాదు. ఆ మూడేళ్లూ ఏ మచ్చా లేకుండా గడిస్తేనే పర్మినెంటు. ఆమెకు మూడేళ్లూ ఈ నెలతో నిండుతున్నాయి. ఫైలు పైకి పోవాలి. ఆమె మీద మెమో ఉంటే ఫైలు ఆగుతుంది. అత్త, ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు.

నగరంలో బస్సు ఖాళీ అయ్యాక నేను దిగలేదు. డ్రైవరు చాయ్‌కి వెళ్లాడు. కండక్టర్ సీట్ల కింద మరిచిపోయిన వస్తువులు వెతుకుతూ వస్తోంది. నన్ను చూసి ఆగింది.

"నాకు తెలియక రాశానమ్మా" అన్నాను.

"మీరు రాసింది అబద్ధం కాదు సార్. బస్సు మీదికెళ్లే పోయింది."

"దారి మూశారని సంజాయిషీ రాయొచ్చు కదా?"

"రాస్త. రుజువేది అంటరు. ఆ రోజు ఈడ స్టాండ్ల కంట్రోలర్ కాడ ఒక్క ముక్క రాయించుకుంటే అయిపోతుండె. మంది మీదవడ్డరు, మరిచిన. ఒక్క ముక్క సార్." ఆమె టికెట్ మిషన్ తాడును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "ఎల్లుండి పొద్దుగాల పది గంటలకు రమ్మన్నరు."

"ఫోను సంగతి చెబితే? అందరినీ ఎక్కించుకున్నారు కదా మీరు."

ఆమె గాభరాగా చుట్టూ చూసింది. "గది మాత్రం చెప్పకుండ్రి సార్, మీకు దండం పెడ్త. డ్యూటీల ఫోన్ ముట్టొద్దని మా డిపోల గట్టిగ చెప్పిండ్రు. గది తెలిస్తే ఇగ మెమో కాదు, ఇంటికే. సాయం చేద్దామని చెప్పినా అది సాయం కాదు."

ఇంటికి వచ్చేటప్పుడు లోకల్ రైలెక్కాను. ఆ బస్సులో తిరిగి కూర్చునే మొహం లేదు. రైల్లో ఎవరూ ఏమీ అనలేదు. అదీ బాగుండలేదు.

ఒక మనిషిని కాపాడే నిజం చెప్పడానికి వీల్లేదు. చెప్పగలిగిన నిజానికి రుజువు లేదు. రుజువు వెతకడం మాత్రం నాకు చేతనైన పని. మర్నాడు పొద్దున్నే వంతెన కింద పంక్చర్ షాపుకు వెళ్లాను. ఆ షాపాయన రోడ్డు మీద ఏం జరిగినా ముందు ఫోను తీసే రకమని ఊరందరికీ తెలుసు.

"ఇటుకల ట్రాలీ ఫొటో ఉందా?" అన్నాను.

"ఎందుకు లేదన్నా. మూడున్నయ్." ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తూనే మాట్లాడాడు. "గా కండక్టరమ్మ మీద రాసింది మీరేనట గద?"

"నేనే."

"ఏందన్నా గిట్ల! ఇన్నేండ్లు పేపర్ల పనిచేసిండ్రు. ఆఖరికి ఫొటో పంక్చరోడు ఇయ్యాల్నా?"

ఇచ్చాడు. ట్రాలీ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఎర్రటి ఇటుకలు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒక చేత్తో బండ్లను ఆపి, రెండో చేతిని వంతెన వైపు చాపాడు. ఫోన్లో తేదీ, సమయం ఉన్నాయి. ఏడు యాభై రెండు. దాన్ని స్టూడియోలో పెద్దగా ప్రింటు తీయించాను.

ఎల్లుండి అనుకున్న రోజు డిపోకు వెళ్లేసరికి ఆమె నాకంటే ముందే వచ్చి, ఆఫీసు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ బాక్సు సంచి. పక్కన డ్రైవరు. నన్ను చూసి డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. ఆమె మాత్రం దగ్గరికి వచ్చి, చెప్పకుండ్రి అన్నట్టు కళ్లతోనే అడిగింది.

డిపో మేనేజరు నిదానస్తుడిలా ఉన్నాడు. మాట కృష్ణా జిల్లా వైపు మాట. నన్ను కూర్చోమని, నా ఫిర్యాదు ప్రింటును ముందు పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది, నా వాక్యాలు కాగితం మీద ఎంత నమ్మబలికేలా ఉన్నాయో.

ఫొటో ఇచ్చాను. కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీసి చూశాడు.

"సరేనండి. దారి మూశారు. బస్సు పైనుంచి వెళ్లడంలో తప్పు లేదు. ఇది ఒప్పుకుంటాను" అన్నాడు. "కానీ ఒక సంగతి నాకు అర్థం కావడం లేదు. స్టాపులో ఒక్క మనిషీ లేడని మీరే రాశారు. ఆ రోజు మిషన్ చూస్తే వంతెన దిగాక పద్నాలుగు టికెట్లు కొట్టి ఉన్నాయి. అక్కడ మాకు స్టాపే లేదు. వాళ్లందరికీ అక్కడ నిలబడాలని ఎలా తెలిసింది?"

తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట ఖాకీ చొక్కా అంచు కనిపిస్తోంది. అది కదలడం లేదు.

నేను అబద్ధం ఆడదలుచుకోలేదు. ఆ వయసులో కొత్తగా నేర్చుకోవడం కష్టం. "నాకు ఒకరు చెప్పారండి" అన్నాను. "నమ్మకంతో చెప్పారు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో బయటపెట్టలేను. మా వృత్తిలో అది పద్ధతి. నన్ను జడ్జిగారు అడిగినా ఇదే చెబుతాను."

"అంటే చెప్పకూడనిది ఏదో ఉందన్నమాట."

"తప్పు ఉంది. అది నాది. పద్నాలుగుమందికి తెలిసింది నాకు తెలియలేదంటే, నేను ఎవరినీ అడగలేదని అర్థం. అడక్కుండానే రాశాను. కావాలంటే అది రాసిస్తాను."

ఆయన కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. బయట ఎవరో బస్సు ఇంజను స్టార్టు చేసి, ఆపి, మళ్లీ స్టార్టు చేశారు.

"రాయండి" అని తెల్లకాగితం నా వైపు జరిపాడు.

పత్రికలో సవరణలు వేయడం నాకు తెలుసు. లోపలి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో, ఎవరి పేరూ లేకుండా. "పొరపాటుకు చింతిస్తున్నాము" అనే ఆ బహువచనం వెనక ఎంతమందిమి దాక్కున్నామో. ఈసారి ఏకవచనంలో రాయాల్సి వచ్చింది. దారి మూసి ఉందని, విచారించకుండా ఫిర్యాదు చేశానని, కండక్టర్ వల్ల నాకు ఏ ఇబ్బందీ కలగలేదని. అయిదు వరసలు. సంతకం పెట్టాను.

మేనేజరు అది చదివి, ఆమె సంజాయిషీకి జతచేసి, ఎర్ర పెన్నుతో ఏదో రాశాడు. "సంజాయిషీ ఆమోదించాను. మెమో మూసేస్తున్నాను. ఆమె ఫైలు మిగతావాళ్లతో పాటే పైకి వెళుతుంది" అన్నాడు. నేను లేవబోతుంటే ఆపాడు. "అన్నట్టు, స్టాపు లేని చోట పద్నాలుగుమంది నిలబడ్డారంటే అక్కడ స్టాపు కావాలని అర్థం కదండీ. మీరెలాగూ బాగా రాస్తారు. దారి మూసిన రోజుల్లో అక్కడ ఆపమని ఊరి తరఫున ఒక అర్జీ రాసివ్వండి. మా వాళ్లకు కూడా..." ఒక క్షణం తలుపు వైపు చూశాడు. "తంటాలు తప్పుతాయి."

ఆయనకు ఎంత తెలుసో నేను అడగలేదు.

బయటికి వస్తే ఆమె గోడ దగ్గరే ఉంది. అడిగే ధైర్యం లేనట్టు నా వైపు చూస్తోంది. "మూసేశారమ్మా. ఫైలు పోతుంది" అన్నాను. నమ్మలేదు. లోపలికి వెళ్లి, ఆ కాగితం తనే చూసుకుని, సంతకం పెట్టి వచ్చింది. కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, మీరు మంచిగ రాస్తరు" అంది. "ఇగ జర తక్వ రాయుండ్రి."

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను తలూపాను.

"పా అక్కా, టైమైతుంది" అన్నాడు డ్రైవరు.

"రెండు నిమిషాలు ఆగు తమ్మీ. ఆకలైతుంది."

అక్కడి బెంచీ మీద కూర్చుని టిఫిన్ బాక్సు తెరిచింది. చింతపండు పులిహోర, పక్కన మామిడికాయ తొక్కు. టైము పదిన్నర కూడా కాలేదు.

"గది మధ్యాహ్నానిది గదనే. ఇప్పుడు తింటే అప్పుడేం తింటవ్?"

"అప్పటి సంగతి అప్పుడు" అంది, నోటినిండా అన్నంతో. "మెమో వచ్చిన కాడికెళ్లి ముద్ద దిగలే తమ్మీ. అత్తమ్మ రోజూ అడుగుతది, బాక్సు గట్లనే ఎందుకు తెస్తున్నవని. ఎండకు తినబుద్ధి అయితలేదని చెప్పిన."

ఆమె వంచిన తల ఎత్తకుండా, గబగబా, మెతుకు వదలకుండా తింది. డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఇద్దరమూ ఆమె తినడం అయ్యేదాకా ఆగాం.